మాడు వాసన లేని క్రిస్మస్

ఉద్యోగంలో మీరు సాధించిన పెద్ద విజయం ఏమిటని ఎవరైనా అడిగితే, "ఒక డిసెంబరు నెలంతా ఏమీ జరగలేదు" అని చెబుతాను. అడిగినవాళ్లు మర్యాదగా నవ్వి, ఇంకొకరిని అడగడానికి వెళ్లిపోతారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. మంట ఆర్పినవాడికి దండ వేస్తాం. నిప్పురవ్వను ముందే చెప్పుతో తొక్కేసి వెళ్లినవాడి వైపు చూడను కూడా చూడం. దేశమంతా ఇదే తంతు. మా ఫ్యాక్టరీ దానికి మినహాయింపు కాదు.

ఇప్పుడు పనిలో చేరుతున్న పిల్లలు మోటారుకు ఒక బిళ్ల అంటిస్తున్నారు. మోటారు వేడెక్కితే, వణికితే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. బాగుంది, నేను తక్కువ చేయను. నా రోజుల్లో అలాంటిది ఉంటే నెత్తిన పెట్టుకునేవాణ్ణి. కాని నాయనా, మెసేజ్ వచ్చాక మిషన్ ఆపనిచ్చే మనిషి ఒకడు కావాలి గదా. నడుస్తున్నదాన్ని ఆపమని అతన్ని ఒప్పించడం ఏ బిళ్లకూ చేతకాదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఫ్యాక్టరీ కార్ఖానా అనే పేట దాటాక, మిలిటరీ గోడల వెనక ఉండేది. బిస్కెట్లు, రస్కులు, డిసెంబరు వచ్చిందంటే కేకులు. నేను మెయింటెనెన్స్ మేస్త్రీని. మా ఓవెన్ అంటే ఇంట్లో బల్ల మీద పెట్టుకునే డబ్బా అనుకోకండి. రైలుపెట్టె కంటే పొడుగైన ఇనుప సొరంగం. ఒక చివర పచ్చి పిండి ఇనుప జాలీ మీద ఎక్కుతుంది, రెండో చివర కాలిన సరుకు దిగుతుంది. ఆ జాలీని లాగేవి ఒక మోటారు, ఒక గేర్‌బాక్సు, ఒక చెయిన్. జాలీ ఆగిందా, లోపలున్నదంతా బొగ్గు. అప్పుడు ఇద్దరు మనుషులు పక్కనుండే హ్యాండిల్ పట్టుకుని, బావిలో నీళ్లు తోడినట్టు తిప్పుతూ, మండుతున్న బిస్కెట్లను బయటికి లాగాలి. ఆ పొగలో ఎదురుగా ఉన్న మనిషి కనబడడు.

ఏటా డిసెంబరులో ఆ జాలీ ఆగేది. సరిగ్గా క్రిస్మస్ ఆర్డర్లు నెత్తి మీదున్నప్పుడు. గేర్‌బాక్సులో ఆయిల్ కారిపోయి, బేరింగులు పట్టేసేవి. ఆయిల్‌ను ఆపే సీళ్లు కొత్తవి, బేరింగులు కొత్తవి వేసేవాళ్లం. మళ్లీ ఏడాది మళ్లీ అదే కథ. "దానికి కారుడు అలవాటు" అనేవారు అందరూ, పక్కింటి పిల్లవాడి ముక్కు గురించి మాట్లాడినట్టు.

ఆగిన వెంటనే ప్యాకింగ్ ఆడవాళ్లను ఇంటికి పొమ్మనేవారు. వాళ్లు రోజుకూలీలు. సరుకు లేకపోతే పని లేదు, పని లేకపోతే కూలీ లేదు. గేర్‌బాక్సు చెడిపోవడంలో వాళ్ల తప్పు పిసరంత కూడా లేదు, శిక్ష మాత్రం మొత్తం వాళ్లకే. పొద్దున్నే వంట చేసి, పిల్లల్ని పక్కింట్లో వదిలి, సీతాఫల్‌మండి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మనిషిని గేటు దగ్గరే వెనక్కి పంపిస్తుంటే నాకు ఆ ఓవెన్ కంటే ఎక్కువ మంట పుట్టేది.

మాకు మాత్రం పండగే. బ్రేక్‌డౌన్ గ్యాంగ్ అంటే హీరోలు. మిషన్ మళ్లీ తిరగగానే యజమాని, మేమంతా సేఠ్ అనేవాళ్లం, స్వయంగా వచ్చి మిర్చి బజ్జీలు, చాయ్ తెప్పించి, ఎవరి ముఖం ఎక్కువ నల్లగా ఉందో చూసి వాళ్లకు శాలువా కప్పేవాడు. అలాంటివి నాకూ రెండు మూడు వచ్చాయి. మా ఆవిడ వాటిని వంటింటి కిటికీకి కట్టింది. చుట్టాలొస్తే, "ఇది రస్కుల మంట శాలువా, అది బిస్కెట్ల మంట శాలువా" అని చూపించేది.

నేను క్రిస్మస్ ఉదయం ఆరాధనకు ఫ్యాక్టరీ నుంచే సరాసరి వెళ్లేవాణ్ణి. ఎంత రుద్దుకున్నా మాడు వాసన పోదు. మా ముందు బెంచీలో రిటైరైన టీచరు గారొకరు కూర్చునేవారు. ఆయన వెనక్కి తిరగకుండానే వాసన పీల్చి, "ఈసారి ఏం తగలబెట్టారయ్యా?" అనేవారు. ఏటా అదే నాకు మొదటి క్రిస్మస్ శుభాకాంక్ష.

నా సర్వీసు చివరికొస్తున్న రోజుల్లో ఒక డిసెంబరు మరీ ఘోరంగా ఆగింది. బజ్జీలు రాలేదు, శాలువా రాలేదు. సేఠ్ ఒక్కడే వచ్చి పొగలో నిలబడ్డాడు.

"మేస్త్రీ, నీ మీద గుస్సా లేదు. కానీ ఇగ బస్. వచ్చే డిసెంబర్ల గిట్ల ఆగిందంటే ఈ ఓవెన్ తీసి స్క్రాపుకు ఇచ్చేస్త. మాల్ బయట చేయించుకుని మన పేరేసి అమ్ముకుంట."

ప్యాకింగ్ ఆడవాళ్లకు పెద్దదిక్కుగా ఒకావిడ ఉండేది. వయసుతో పని లేకుండా అందరమూ అక్కా అనేవాళ్లం. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అడిగింది.

"మరి మేము, సేఠ్?"

"మీరు... చూద్దాం."

"చూద్దాం అంటే నాకు ఎర్కే. నన్ను చూడనీకి వచ్చిన మొదటి పిలగాడు సుత గట్లనే అని పోయిండు."

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు.

ఆ వేసవిలో ఒక ఇంజనీరమ్మాయి కొత్తగా చేరింది. నేను పదో తరగతి గట్టెక్కనివాణ్ణి. ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని, మిషన్ల పుస్తకాలు మాటకు మాట కూడబలుక్కుని చదివినవాణ్ణి. అలా చదివినవాడికి ఒక జబ్బు ఉంటుంది, తాను చదివింది ఇంకొకరికి వినిపించాలని. ఆ అమ్మాయికి వినే ఓపిక ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం గేర్‌బాక్సు పుస్తకం ముందేసుకుని కూర్చునేవాళ్లం.

ఒక రోజు ఆమె బొమ్మ మీద వేలు పెట్టింది. "అంకుల్, దీని నెత్తి మీద గాలి పోయే మూత ఉండాలి. చిన్న రంధ్రాలుంటాయి. మనదానికి ఎక్కడుంది?"

"మన మోడల్‌కు అది లేదమ్మా."

"బొమ్మలో ఉంది కదా."

"బొమ్మలో చాలా ఉంటాయి. మా పెళ్లి ఫోటోలో నాకు జుట్టు కూడా ఉంది."

ఆమె నవ్వి ఊరుకోలేదు. లేచి ఓవెన్ దగ్గరికి నడిచింది. వెనక నేను. ఇద్దరం గేర్‌బాక్సు చుట్టూ తిరుగుతుంటే, నిచ్చెన మోసుకుంటూ మా పెయింటరన్న అటు వచ్చాడు. నాకంటే పెద్దవాడు. ఒకప్పుడు రాంగోపాల్‌పేట్‌లో సగం దుకాణాల బోర్డులు ఆయన చేతి రాతే. ఫ్లెక్సులు వచ్చి ఆ పని పోయాక మా దగ్గర చేరాడు.

"ఏం దేవులాడుతున్నరు?"

"గాలి పోయే మూత అన్నా. ఉందంటోంది ఈ అమ్మాయి, లేదంటున్నాను నేను."

"గా బొడిపెనా? ఎందుకు లేదు? గదో, నడినెత్తి మీద. దసరా దసరాకు దానికి నేను మూడు కోట్లు కొడ్త. సందులల్ల బ్రష్ దూరదని దానికోసమే సన్న బ్రష్ తెచ్చుకున్న."

నేను జేబులోంచి చాకు తీశాను. గీరుతుంటే పచ్చ రంగు కింద నీలం, నీలం కింద పసుపు, పసుపు కింద వెండి రంగు, ఉల్లిపాయ పొరల్లా ఊడి వచ్చాయి. అన్నిటికీ కింద, కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తూ, మూత. దాని రంధ్రాల్లో రంగు గట్టిపడి మైనంలా కూర్చుంది.

విజిల్‌కు మైనం పూసిన కుక్కర్‌ను పొయ్యి మీద పెడితే ఏమవుతుంది? ఆవిరి ఎక్కడ సందు దొరికితే అక్కడ తన్నుకుని వస్తుంది. మా గేర్‌బాక్సు అదే చేస్తోంది. వేడికి లోపలి గాలి పెరిగి, పోయే దారి లేక, సీళ్ల పక్కనుంచి ఆయిల్‌ను బయటికి తోసేస్తోంది. వేసవికల్లా పాత రంగు పగిలి దానికి కొంచెం ఊపిరాడేది. దసరాకు మళ్లీ శ్రద్ధగా ముక్కు మూసేవాళ్లం. గ్రీజు పెట్టే చోట్లు కూడా సగం రంగు కిందే సమాధి. దసరాకు రంగు, క్రిస్మస్‌కు మంట. మా ఊళ్లల్లో దసరాకు మిషన్లను కడిగి, రంగులేసి, పూజ చేయని ఫ్యాక్టరీ ఉందా? ప్రేమతోనే చేస్తాం. ఆ ప్రేమతోనే దాన్ని ఏటా చంపాం.

పెయింటరన్న నిచ్చెన గోడకు ఆనించి ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు నేనే వెళ్లాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అంతమంది ఆడోళ్ల కూలీ పోగొట్టిన్నా నేను?" అన్నాడు, తిరక్కుండానే.

"నువ్వు కాదన్నా. ఆ మూతకు రంగెయ్యొద్దని నీకు ఎవరైనా చెప్పారా? చెప్పనివాళ్లది తప్పు. లేచి చొక్కా వేసుకో."

లేచాడు గాని, దసరా దగ్గరపడేసరికి అసలు చిక్కు వచ్చింది. అన్నిటికంటే అందంగా అలంకరించిన డిపార్ట్‌మెంటుకు సేఠ్ పెద్ద స్టీలు బిందె ఇచ్చేవాడు. ఏటా ఓవెన్ వాళ్లదే. ఇప్పుడు ఇక్కడొక మచ్చ, అక్కడొక మచ్చ రంగు లేకుండా వదలమంటే మా కుర్రవాళ్లు ఒప్పుకోలేదు. "పండగ పూట మిషన్‌కు పుండ్లు లేసినట్టు కనబడ్తది" అన్నారు. పెయింటరన్నకు లోపల అదే ఉంది. సగం రంగేసిన గోడను జీవితంలో ఆయన ఎవరికీ అప్పజెప్పలేదు.

ప్యాకింగ్ అక్క టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఈ రచ్చంతా వింది.

"పెండ్లిపిల్ల మొకానికి మొత్తం కుంకుమ రుద్దుతరా ఏంది? పెట్టాల్సిన జాగల బొట్టు పెడ్తరు. గట్లనే చెయ్యుండ్రి. రంగు మొత్తం కొట్టు. గా రంధ్రాల కాడ మాత్రం చుట్టూతా ఎర్రగ బొట్టు పెట్టు. ఎవడు మచ్చ అంటడో నేను జూస్త."

పెయింటరన్న బోర్డులు రాసే రోజుల నాటి కుంచెలు తీశాడు. మూతల మీద టేపు అంటించి, రంగు కొట్టి, టేపు తీసి, గ్రీజు పెట్టే ప్రతిచోటా, గాలి పోయే ప్రతిచోటా ఎర్రటి గుండ్రటి బొట్టు. ఆయిల్ మట్టం చూసే చోట పసుపు బొట్టు. ఆ గుండ్రాలు కంపాస్‌తో గీసినట్టున్నాయి. ఆ ఏడు బిందె మళ్లీ మాదే. అంతకంటే ముఖ్యం, ఆ తర్వాత గ్రీజు గన్ను పట్టినవాడు ఒక్క చోటు కూడా మరిచిపోలేదు. బొట్టు లెక్కన పోతే చాలు.

ఇంతటితో అయిపోతే ఇది కథే కాదు. ఎక్కడ చూడాలో తెలిసింది, చూడటానికి మిషన్ ఆపాలి గదా. ప్రొడక్షన్ మేనేజరు దగ్గరికి వెళ్లి నెలకొక్క పూట ఇమ్మన్నాను. మంచివాడే, కాని సేఠ్‌కు రోజూ సాయంత్రం లెక్క చెప్పుకోవలసినవాడు.

"మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు ఆపుడు మేస్త్రీ?"

"మంచిగా నడుస్తున్నప్పుడే చూడాలి సార్. మీరు ఒంటికి జ్వరం వచ్చాకే స్నానం చేస్తారా?"

"నీ నోటితోటి పరేషాన్ నాకు. పూట అంటే ఎంత మాలో ఎర్కేనా?"

నేను అరిచాను, ఆయన అరిచాడు. ఒరిగిందేమీ లేదు. కోపంతో ఇంటికి వచ్చి గోడ వైపు చూస్తూ కూర్చుంటే, ఎదురుగా క్యాలెండరు. అమావాస్య గడిలో నల్లటి చుక్క. చటుక్కున వెలిగింది. అమావాస్య నాడు మా లారీ డ్రైవర్లు బండి కదపరు. ఆ రోజు లోడింగ్ ఉండదు, గోడౌన్ నిండి సరుకు వరండాలోకి వస్తుంది, మేనేజరు తల పట్టుకుంటాడు. నెలకొకసారి, తప్పకుండా. దేవుడు రాసిచ్చిన టైంటేబుల్ అది.

నేను ఏడాది మొత్తం అమావాస్యలకు సున్నాలు చుడుతుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. "ఆదివారం చర్చికి పోయే మనిషివి, ఈ అమావాస్యల పట్టింపు ఎప్పట్నుంచి?"

"నాకు లేదు. లారీలకు ఉంది."

మేనేజరు ఈసారి అరవలేదు. ఎలాగూ సరుకు పెట్టే చోటు లేని రోజు గదా, ఒప్పుకున్నాడు. ముందే తెలిసిన ఆపుడు కాబట్టి ఆ పూట ఆడవాళ్లకు డబ్బాలు మడిచే పని పెట్టాం. ఎవరూ ఇంటికి పోలేదు. అనుకుని ఆపడానికీ, చచ్చి ఆగడానికీ ఉన్న తేడా అదే. చదువుకున్న పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. నా లెక్కలో మాత్రం ఒకటే కొలత, గేటు దగ్గర ఎవరైనా వెనక్కి పోతున్నారా లేదా.

డిసెంబరు వచ్చింది. అమావాస్య సరిగ్గా కేకుల రద్దీ మధ్యలో పడింది. పొద్దున్నే మేనేజరు ఎదురొచ్చాడు.

"మేస్త్రీ, ఈ ఒక్కసారికి ఇడిసిపెట్టు. డ్రైవర్లను ఎట్లనో ఒప్పించిన, బండ్లు పోతున్నయి. దసరా సంది ఆయిల్ చుక్క కారలే. అన్నీ సూస్తనే ఉన్నవ్ గదా."

నా దగ్గరున్న ఒక్క ఆయుధం, లారీలు, అదీ పోయింది. ఈ నెల ఆపితే ఆర్డర్లు పోతాయి, ఆపక మధ్యలో ఆగితే ఓవెనే పోతుంది. "ఈ నెలే చూడాలి సార్. ఈ నెల కోసమే మిగతా నెలలన్నీ చూశాం" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, పిండి ఎక్కించమని సైగ చేశాడు.

పిండి ఎక్కలేదు. పిండి ఎక్కే చోటికి అడ్డంగా ప్యాకింగ్ ఆడవాళ్లంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ముందు అక్క.

"అమావాస్య పూట కొత్త బ్యాచ్ షురూ చెయ్యం సార్."

"డ్రైవర్లే ఒప్పుకున్నరు!"

"వాళ్లు ఒప్పుకున్నరేమో. మేము ఒప్పుకోలే."

"నువ్వు ఎప్పటి సంది పాటిస్తున్నవ్ అమావాస్యలు?"

"పొద్దుగాల సంది."

మేనేజరు పెదవులు బిగించి నవ్వు ఆపుకున్నాడు. "మధ్యాహ్నం భోజనాల దాకా. గంతే" అన్నాడు.

ఓవెన్ చల్లార్చి బొట్టు బొట్టుకూ తిరిగాం. ఆయిల్ మట్టం సరిగ్గా ఉంది. గాలి మూత శుభ్రంగా ఉంది. బేరింగులకు స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, చేత్తో తిప్పించి విన్నాను. పాప నిద్రపోతున్నంత మెత్తగా ఉంది చప్పుడు. అంతా బాగుంది. అంతా బాగుండటం ఎంత భయం వేస్తుందో అప్పుడు తెలిసింది. మేనేజరు గడియారం చూస్తున్నాడు. ఏమీ దొరక్కపోతే రేపటి నుంచి నా మాట ఎవడూ వినడు.

ఇంజనీరమ్మాయి ఒక పాత నూలుగుడ్డతో చెయిన్ తుడుస్తోంది. తుడుస్తూ, మెల్లగా తిప్పుతూ, మళ్లీ తుడుస్తూ. ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"అంకుల్, గుడ్డ చిక్కుకుంటోంది."

వంగి చూశాను. ఏమీ కనబడలేదు. గోటితో తడిమితే తగిలింది. ఒక లింకు పక్కపట్టీలో వెంట్రుకంత పగులు. చెయిన్ విప్పి ఆ లింకును కొద్దిగా వంచగానే బిస్కెట్‌లా రెండు ముక్కలైంది. గేర్‌బాక్సుకు దీనికి ఏ సంబంధమూ లేదు. గాలి మూత కథతో మా కష్టాలు తీరాయనుకుని ఆ పూట ఆపకపోయి ఉంటే, ఈ వెంట్రుక మమ్మల్ని ముంచేది. కొత్త లింకు స్టోరులో ముందే తెప్పించి పెట్టాను. వేయడానికి టీ తాగినంత సేపు పట్టింది.

మేనేజరు విరిగిన ముక్కను అరచేతిలో పెట్టుకుని చూశాడు. "ఇది ఎన్నాళ్లు నడుస్తుండె?"

"తెలీదు సార్. ఈ సాయంత్రం కావచ్చు, క్రిస్మస్ ముందురోజు కావచ్చు."

ముక్కను జేబులో వేసుకుని, ఆయనే వెళ్లి స్విచ్ నొక్కాడు. తర్వాతి అమావాస్య నుంచి మేం అడగకముందే, "ఇయాల మీ రోజు గదా" అని ఆయనే అనేవాడు.

ఆ తర్వాత ఏం జరిగిందంటారా? ఏమీ జరగలేదు. కేకులు ఎక్కాయి, కేకులు దిగాయి. ఆడవాళ్లు ప్యాక్ చేశారు. గేటు దగ్గర ఎవరూ వెనక్కి పోలేదు. క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం చివరి బ్యాచ్ ఎర్రగా కాలి దిగింది. సేఠ్ అలవాటు ప్రకారం బజ్జీల పొట్లాలు, చంకలో శాలువా పెట్టుకుని వచ్చాడు. మమ్మల్నందరినీ ఒకసారి ఎగాదిగా చూశాడు. ఎవరి ముఖమూ నల్లగా లేదు.

"ఏం అయింది?"

"ఏం కాలే సేఠ్" అన్నాడు మేనేజరు.

"ఏం కాలేదా? మరి ఈ శాలువా ఎవరికి కప్పాలె?"

నిజంగానే ఆయనకు తోచలేదు, పాపం. ఏమీ జరగనివ్వనివాళ్లకు ఏమివ్వాలో లోకంలో ఎవరికీ తెలియదు. అక్క ఆయన చేతిలోంచి శాలువా లాక్కుని, "పనిచేసింది ఇదే గదా" అంటూ వెళ్లి గేర్‌బాక్సు మీద కప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను కేక పెట్టాను. "తియ్యి తియ్యి, దాని ముక్కు మూసేశావు! దారప్పోగు చెయిన్‌లో పడితే ఏం కావాలి?"

ఫ్యాక్టరీ అంతా గొల్లుమంది. పెయింటరన్న కళ్లు తుడుచుకుంటూ నవ్వడం ఆరోజే చూశాను. అక్క శాలువా తీసి తీసుకొచ్చి నా భుజాల మీద వేసింది. "అయితే నువ్వే కప్పుకో అన్నా. నీకు ఊపిరికి కరువు లేదు, పొద్దంత ఒర్లుతనే ఉంటవ్."

సేఠ్ ఫోన్ తీశాడు. స్క్రాపువాడితో, "వద్దు భయ్యా, మా ఓవెన్ అమ్ముతలేం" అని అందరూ వినేలా చెప్పాడు. నేను రిటైరై ఇన్నేళ్లయినా అది ఇంకా కాలుస్తూనే ఉంది. బొట్లు ఏటా కొత్తగా పెడుతున్నారు. ఆ ఒక్క శాలువాను మాత్రం మా ఆవిడ కిటికీకి కట్టలేదు. బీరువాలో పెట్టింది.

ఆ మర్నాడు, క్రిస్మస్ ఉదయం, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆరాధనకు వెళ్లాను. మొదటి పాట అయ్యాక ముందు బెంచీలో టీచరు గారు వాసన పీల్చారు. మళ్లీ పీల్చారు. అన్నేళ్లలో మొదటిసారి వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"ఏమయ్యా, ఈసారి డ్యూటీకి పోలేదా?"

"పోయానండీ" అన్నాను. "అందుకే."